తెల్లవారితే శనివారం

మా ఆయన ఇప్పటికీ ఆ టికెట్‌లో తప్పేమీ లేదనే అంటాడు. తారీఖు కరెక్టే, టైము కరెక్టే, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్లూ కరెక్టే అని వేళ్లు మడిచి మరీ చెప్తాడు. నిజమే, అన్నీ కరెక్టే. విమానం ఒక్కటే లేదు. ఆ ముక్క నేను అన్నప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుని ఫోన్లో ఏదో వెతుక్కుంటాడు.

ఊరూరా అందరి చేతుల్లోకీ పెద్ద తెర ఫోన్లు వచ్చిపడ్డ రోజులవి. రెండువేల పది దాటి అయిదారేళ్లయి ఉంటుంది. గ్యాస్ బండ బుక్ చేయడానికి పక్కింటివాళ్లని పిలిచే మగవాళ్లు కూడా, దేశాలు దాటే ప్రయాణాలకి తామే ఏజెంట్లమని మీసాలు మెలేయడం అప్పుడే మొదలైంది. మా ఆయన అందులో ముందు వరస. నరసన్నపేటలో మాకు ఎరువుల కొట్టు. యూరియా బస్తాల మధ్య కూర్చుని, ఒక చేత్తో రైతుకి చిల్లరిస్తూ ఇంకో చేత్తో బ్యాంకాక్ విమానాలు చూస్తుండేవాడు. నేను విజయనగరం దాన్ని, ఇక్కడికి కోడలిగా వచ్చి ప్రైమరీ స్కూల్లో పంతులమ్మగా కుదురుకున్నాను. నాకు నోరు కాస్త ఎక్కువని అత్తవారింట్లో మొదటి వారంలోనే తేల్చేశారు, కాబట్టి ఇప్పుడు కొత్తగా దాచుకునేదేమీ లేదు.

ప్రయాణం మా అత్తది. ఆవిడ పుట్టింది రంగంలో. పటాల్లో రంగూన్ అనీ యాంగోన్ అనీ ఏవేవో రాస్తారు గానీ, మా వైపు అది ఎప్పటికీ రంగమే. ఒకప్పుడు ఇటునుంచి ఏ ఇంట్లో అడిగినా ఎవరో ఒకరు అక్కడి ధాన్యం మిల్లుల్లో మూటలు మోసినవాళ్లే. తరవాత అక్కడి ప్రభుత్వం బయటివాళ్లని పొమ్మంది. అప్పటికి మా అత్త చిన్నపిల్ల. అమ్మానాన్నలతో షిప్పెక్కి విశాఖపట్నంలో దిగింది. ఆవిడ అప్ప మాత్రం అక్కడే ఉండిపోయింది, అక్కడి తెలుగు కుటుంబంలోకే పెళ్లై వెళ్లింది కనక. అక్కని మా వైపు అప్ప అంటారు. మా అత్తని చంకనేసుకుని పెంచింది ఆ అప్పే. "దాని కొంగు నా సేతిలోంచి లాగేసినారే" అని షిప్పెక్కిన రోజు గురించి చెప్పేది మా అత్త, జుట్టంతా నెరిశాక కూడా నిన్న మొన్న జరిగినట్టే.

మధ్యలో ఉత్తరాలు నడిచాయి, ఆగిపోయాయి. ఎన్నో ఏళ్లకి మళ్లీ ఇంటర్నెట్ పుణ్యమా అని, ఆ ఒక్క పుణ్యం మాత్రం దానికి రాయాలి, అప్ప మనవడు మా ఆయనని వెతికి పట్టుకున్నాడు. అక్కచెల్లెళ్లిద్దరూ వీడియోలో ఒకరినొకరు చూసుకున్న రోజు మా ఇంట్లో వంట సంగతే ఎవరికీ గుర్తు లేదు. అందరం ఆ ఫోన్ చుట్టూ చేరి ఏడుస్తూ కూర్చున్నాం.

కొన్నాళ్లకి ఆ మనవడే విడిగా ఫోన్ చేశాడు. "మామ్మకి మతి తప్పతంది. డాక్టరు సెప్పినాడు. ఇప్పుడైతే మనుసుల్ని పోల్సుకుంటంది. రేపురేపు పోల్సుకోదు. బేగి రండి" అన్నాడు. వాడి తెలుగు మా ఊరి ముసలమ్మల తెలుగు. పుట్టిన దగ్గర్నుంచీ వాడు విన్నది ఆవిడ నోటి మాటే మరి.

మా అత్త ఆ సంగతి విని చీర చెంగుతో మొహం తుడుచుకుని ఒక్కటే అంది. "నన్నది పోల్సుకోవాల. 'ఒసే సెల్లీ' అని ఒక్కపాలి పిలవాల. మరేటీ వద్దు నాకు. బేగి తీసికెల్లరా."

బేగి అంది, అంటే తొందరగా అని. తల్లి నోటి వెంట వచ్చిన ఆ చిన్న మాట మా ఆయన చెవికి ఎలా వినపడిందో నాకు ఈనాటికీ తెలీదు.

శ్రీకాకుళంలో బస్ కాంప్లెక్స్ దగ్గర ఒక ట్రావెల్స్ ఆయన ఉండేవాడు. మా కుర్రాళ్లని గల్ఫ్‌కీ మలేషియాకీ ఎక్కించినవాడే. అతనేం దేవుడు కాదు. "రేపు రండి" అన్న మాట మీదే మేడ కట్టాడు. కానీ అతనికో కొట్టుంది, కొట్టుకో తలుపుంది, తేడా వస్తే పట్టుకోడానికి చొక్కాకో కాలర్ ఉంది. అతని దగ్గరికి వెళ్దాం బావా అంటే మా ఆయన నన్ను చూసి జాలిగా నవ్వాడు.

"ఏ కాలంలో ఉన్నావే నువ్వు? ఆడికెందుకు కమీషను? పెపంచకమంతా మన సేతిలోనే ఉన్నాది."

ఇక మొదలైంది మా ఇంట్లో జాతర. పొద్దున్నే పళ్లు తోముకోకుండానే ఫోన్. ధర తగ్గిందని ఒక గంతు, పెరిగిందని ఒక నిట్టూర్పు. నిన్న చూసిన టికెట్ ఇవాళ ఎక్కువైతే, "అది మనల్ని కనిపెడతంది. మనకి అవసరమని దానికి తెలిసిపోనాది" అని గొంతు తగ్గించి చెప్పేవాడు, గోడ అవతల ఎవడో చెవి ఒగ్గి ఉన్నట్టు. అందుకని ఊరూ పేరూ తెలియకుండా సైట్‌లోకి దూరే దొంగదారేదో నేర్చుకున్నాడు. 'రెండే సీట్లు మిగిలాయి' అని ఎర్ర అక్షరాలు కనపడితే చాలు, కొట్లో రైతుని నిలబెట్టేసి చెమటలు తుడుచుకునేవాడు. మర్నాడు చూస్తే ఆ రెండు సీట్లూ ఎక్కడివక్కడే ఉండేవి. ఎవరు కొంటారు వాటిని, నా మొహం! మా ఆయనలాంటివాళ్లని బెదిరించడానికి పెట్టిన దిష్టిబొమ్మలవి.

అది చాలదన్నట్టు హోటల్ కూడా వెతికాడు. "అప్ప ఇంటికెల్తూ హోటలెందుకురా?" అని మా అత్త నోరెళ్లబెట్టింది. "ఫ్రీ క్యాన్సిలేషనమ్మా, నీకు తెలీదు" అన్నాడు. ఎవడో జర్మనీవాడు దుప్పటి పలచగా ఉందని రెండు స్టార్లే ఇచ్చాడట, ఆ హోటల్ వద్దు. ఇంకెవత్తికో కిటికీలోంచి పావురాల గోల వినపడిందట, అదీ వద్దు. తీరా వెళ్లి పడుకోబోని మంచం కోసం మా ఆయన పడ్డ యాతన, నాకు సంబంధం చూసేటప్పుడు మా నాన్న కూడా పడలేదు.

వీడియోలో అప్ప భావనపాడు ఎండు నెత్తళ్లు అడిగింది. అక్కడ చేపలు లేక కాదు, ఈ ఊరి వాసన కోసం. వాటిని విమానంలో పట్టుకెళ్లనిస్తారా అని మా ఆయన ఏదో సైట్‌లో ప్రశ్న పెట్టాడు. ఆస్ట్రేలియా నుంచి ఒకడు వద్దన్నాడు. కెనడా నుంచి ఒకావిడ పరవాలేదంది. మూడోవాడెవడో అసలు చేపలు తినడమే పాపమన్నాడు. ఈ ముగ్గురి తగువూ తేలేదాకా ఆయన పడుకోలేదు. మా అత్త ఇదేమీ పట్టించుకోకుండా నెత్తళ్లని నాలుగు కవర్లలో చుట్టి, అప్ప కోసం కొన్న పొందూరు చీర పక్కనే సర్దేసింది. చీర కంపు కొడుతుంది అత్తా అని నేను మొత్తుకున్నా వినలేదు.

ఈ సంబరంలోనే ఒక నెల గడిచిపోయింది, ఇంకో నెల పడింది. మా అత్త అడిగినప్పుడల్లా "ఇంకా తగ్గుతాది, ఆగు" అనేవాడు. అప్పటికి భోగాపురంలో విమానాశ్రయం కడతారన్న మాట గట్టిగా నడుస్తోంది. "అది గాని వచ్చేసిందనుకో, ఇక్కడికిక్కడే ఎక్కి రంగంలో దిగిపోవడమే" అన్నాడొకరోజు భోజనం దగ్గర. "అప్పటిదాకా మతి ఆపుకుని కూర్చోమని మీ పెద్దమ్మకి మెసేజ్ పెట్టు" అన్నాను. నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

చివరికి మా అత్తే పంతులుగారి దగ్గరికి వెళ్లి రోజు పెట్టించుకొచ్చింది. తూర్పు దిక్కు ప్రయాణానికి శనివారం పనికిరాదు, శుక్రవారం బాగుంది అన్నాడాయన. "రాత్రయినా ఫర్వాలేదు. తెల్లవారితే శనివారం, ఆలోపు విమానం ఎక్కెయ్యండి" అన్నాడు. ఇందులో అర్థం కానిదేముంది? శుభలేఖల్లో చూస్తూనే ఉంటాం కదా, శుక్రవారం రాత్రి రెండు గంటలకు ముహూర్తం, తెల్లవారితే శనివారం అని. మనకి సూర్యుడు వస్తేగాని వారం మారదు. రాత్రి రెండైనా మూడైనా అది శుక్రవారం రాత్రే. కంప్యూటర్‌కి ఆ ఓపిక లేదు. మనమంతా నిద్రలో ఉండగా, నడిజాము చీకట్లో, పన్నెండు కొట్టగానే వారం మార్చేసి కూర్చుంటుంది.

మా ఆయనకి కలకత్తా నుంచి బ్యాంకాక్ మీదుగా రంగం పోయే విమానం దొరికింది. శుక్రవారం, 00:45. సున్నా గంటలంటే రాత్రి పన్నెండని ఆయనకి తెలుసు. అంతవరకూ తెలివే. "సూసావా అమ్మా, నీ పంతులూ నా నెట్టూ ఒకటే మాట సెప్పినారు. శుక్రవారం రాత్రి పన్నెండూ ముప్పావు! అన్నిటికన్నా తక్కువ రేటు కూడా అదే!" అని ఇల్లంతా తిరిగాడు. మా అత్త కొడుక్కి దిష్టి తీసింది. నేను టికెట్ చూపించమంటే, "మెయిల్లో ఉన్నాది లేవే, నీకేటి అర్థమవుతాది" అన్నాడు.

మా అత్తకి తోడుగా మేమిద్దరం. గురువారం సాయంత్రం ఆమదాలవలసలో హౌరా వైపు పోయే రైలెక్కాం. బరంపురం దాటాక ఆయన ఫోన్ మోగింది. చెక్-ఇన్ తెరిచి ఉంది, మూసేలోపు చేసుకోండి అని విమానం కంపెనీ మెసేజ్. "ఒకరోజు ముందే గుర్తు సేస్తన్నారు. సర్వీసంటే ఇదీ!" అని చుట్టుపక్కల బెర్తులవాళ్లకి కూడా వినపడేలా అన్నాడు. ఆ తరవాత రోమింగ్‌లో డబ్బు కాలిపోతుందని నెట్ ఆపేసి, ఫోన్ జేబులో పెట్టుకుని హాయిగా గురక పెట్టాడు.

శుక్రవారమంతా కలకత్తాలోనే గడిపాం. ఎక్కువ స్టార్లు వచ్చిన బిర్యానీ హోటల్ ఒకటి ఇంటిదగ్గరే చూసి అడ్రసు ఫొటో తీసి పెట్టుకున్నాడట. దానికోసం ఎండలో సామానుతో సహా తిప్పాడు. తీరా బిర్యానీలో బంగాళాదుంప ఉందని మా అత్త ముట్టనే లేదు. ఆవిడకి ఆకలి ఎక్కడుంది? "అప్పకి నాను మొదట ఏటి సెప్పాలే?" అని నన్ను నాలుగైదు సార్లు అడిగింది. ఏమీ చెప్పక్కర్లేదు అత్తా, నిన్ను చూస్తే చాలు అన్నాను.

చీకటి పడకముందే ఎయిర్‌పోర్టుకి చేరుకున్నాం. తలుపు దగ్గర జవాను మా కాగితం చూశాడు, మమ్మల్ని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. ఇది వెళ్లిపోయింది అన్నాడు హిందీలో.

"టుడే ఫ్రైడే! టికెట్ ఫ్రైడే!" అని మా ఆయన కాగితం మీద వేలితో పొడిచాడు.

శుక్రవారం మొదలవగానే వెళ్లిపోయింది, నిన్న రాత్రే అన్నాడు జవాను, పాపం ఓపిగ్గానే. నిన్న రాత్రి పన్నెండూ ముప్పావుకి మేం రైల్లో ఉన్నాం. మా ఆయన గురక పెడుతున్నాడు.

మా అత్తకి హిందీ రాదు. "ఏటంతన్నాడ్రా?" అని కొడుకు చొక్కా పట్టుకుని అడిగింది. ఆయన ఇంకా ఆ కాగితమే తిప్పి తిప్పి చూస్తున్నాడు. నేనే చెప్పాను.

"ఎలిపోయిందా? శుక్రవారం రాత్రన్నావు కదరా. ఇంకా రాత్రే అవ్వనేదు కదా?"

"ఆల్లకి రాత్రి పన్నెండుకే వారం మారిపోతాదమ్మా" అన్నాడు నేల చూస్తూ.

"తెల్లారితేనే శనివారమని పంతులు సెప్పినాడు కదా. నీ నెట్టుకి వారాలు కూడా తెలీవేట్రా?"

మా ఆయన ఫోన్ తీసి నెట్ పెట్టాడు. అప్పుడు వచ్చిపడ్డాయి, పొద్దుటినుంచీ ఆ మనవడు పంపిన మెసేజ్‌లన్నీ. మా ఆయన ముందే పంపిన టికెట్‌ని వాడు ఉన్నది ఉన్నట్టుగానే చదువుకున్నాడు. శుక్రవారం ఉదయమే అప్పని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాడు. మామ్మ కొత్త చీర కట్టుకుంది. ఎక్కడున్నారు? ఏ విమానం దిగినా లేచి నిలబడుతోంది. ఎక్కడున్నారు? ఇంటికి రమ్మంటే రానంటోంది. మేం బిర్యానీలో బంగాళాదుంప గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఆవిడ అక్కడ కుర్చీలో కూర్చుని ఉంది.

ఒక్కొక్కటీ నేను చదివి వినిపిస్తుంటే మా అత్త సామాను మీద కూలబడింది. "అది సూస్తన్నాదిరా, నాకోసం సూస్తన్నాది" అని అరచేత్తో నుదురు కొట్టుకుంది. ఆ క్షణంలో మా ఆయన ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టాల్సింది.

కొత్త టికెట్లు కొనేద్దాం బావా, రేపే ఇంకో విమానం ఉంది అన్నాను. ఎయిర్‌పోర్టులో చెప్పిన రేటు వినగానే ఆయనలో మళ్లీ పాత మనిషి లేచాడు. "దోసుకుంటన్నారు. ఇంటికెల్లి ఆల్ల సంగతి తేల్చి, మల్లీ తక్కువలో సేస్తాను" అన్నాడు. నేను అరిచాను, అందరూ చూశారు. అయినా కార్డు ఆయన జేబులో ఉంది. వచ్చిన దారినే తిరుగు రైలెక్కాం. ఒడిశాలో ఎక్కడో ఉండగా ఆ టికెట్ సైట్ నుంచి మెయిల్ వచ్చింది, రంగంలో తప్పక చూడాల్సిన ప్రదేశాలివీ అని. సిగ్గులేని జన్మ.

ఆ తరవాత మా ఆయన చేసిన యుద్ధం గురించి చెప్పాలి. ఊళ్లో ఎవరైనా మోసం చేస్తే నలుగుర్ని వెంటేసుకుని వెళ్లి గుమ్మం ముందు కూర్చోవచ్చు. ఇక్కడ గుమ్మమేది? ఫోన్లో ఒక బొమ్మ నవ్వుతూ, మీకు సహాయం చేయడం నాకు సంతోషం అని రాస్తుంది. ఈయన తన బాధంతా టైపు చేస్తాడు. అది మళ్లీ, మీకు సహాయం చేయడం నాకు సంతోషం అంటుంది. పదే పదే అదే. అది మనిషి కాదని కూడా ఈయనకి చాలాకాలం తెలీలేదు. "ఈ అమ్మాయి మంచిదే, పైవోల్లే ఒప్పుకోవట్లేదు" అన్నాడొకసారి నాతో. ఒక్క స్టార్ ఇచ్చి పేద్ద రివ్యూ రాశాడు. దాన్ని ఎంతోమంది మెచ్చుకున్నారని కొట్టుకి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. తల్లిని విమానం ఎక్కించలేకపోయిన మనిషి, ఆ సంగతి బాగా రాశానని మురిసిపోయాడు! మా అత్త రోజూ పొద్దున్నే వచ్చి "ఎప్పుడ్రా?" అని నిలబడేది. "ఇప్పుడు ఒగ్గేస్తే మనం ఎదవలమైపోతామమ్మా" అనేవాడు.

అయిపోతున్నది మేం కాదు, అక్కడ అప్ప మతి. వీడియోలో అప్ప మొదట్లో మా అత్తని చూడగానే నవ్వేది, ఎందుకు రాలేదని తిట్టేది. తరవాత తిట్టడం మానేసింది. తరవాత నవ్వడం కూడా ఆలస్యమైంది. ఒకరోజు తెర మీద మా అత్త మొహం చాలాసేపు చూసి, పక్కనున్న మనవణ్ణి అడిగింది. "ఎవుల్రా ఆ ముసిల్ది?"

మా అత్త ఫోన్ నా చేతికిచ్చేసింది. లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చి కొడుకు ముందు నిలబడింది. "నువ్వింక టికెట్టు ముట్టుకోకు. నా కోడలు తీసికెల్తాది" అంది.

నేను శ్రీకాకుళం వెళ్లి ఆ ట్రావెల్స్ ఆయన్ని పట్టుకున్నాను. కొట్టు సగమైపోయింది. ముందు భాగంలో జిరాక్స్ మిషనూ సెల్‌ఫోన్ కవర్లూ పెట్టాడు. నేను చెప్పిందంతా విని, కళ్లజోడు తుడుచుకుని, కంప్యూటర్ తెరిచాడు. చూద్దును కదా, అదే సైట్! అవే ఎర్ర అక్షరాలు, అవే రెండు సీట్లు! పైన తన కమీషను వేసుకుని మరీ చెప్పాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. "పట్టపగలు బయల్దేరే విమానం చూడండి" అన్నాను. ముహూర్తం చూపించనా అత్తా అని ఫోన్ చేసి అడిగితే, "ముహూర్తం వద్దే. విమానం సాలు" అంది.

ఈసారి ఎక్కాం. మా ఆయన దారంతా సామాను మోశాడు.

అప్ప ఇల్లు మన తెలుగువాళ్ల వీధిలోనే, మేడమీద. చెక్కమెట్లు ఎక్కేటప్పుడు మా అత్త నా భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగింది. పైన కిటికీ పక్కన కుర్చీలో అప్ప కూర్చుని ఉంది. ఆ ఊరివాళ్లు రాసుకునే చెక్క గంధం బుగ్గలకి రాసుకుని, తల చక్కగా దువ్వుకుని, బొమ్మలా ఉంది. మా అత్త వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని, "అప్పా" అంది.

ఆవిడ మర్యాదగా నవ్వింది. "కింద కూకున్నావేటమ్మా, లెగు. ఏ ఊరు మీది?"

"సికాకులం అప్పా."

"సికాకులమా!" ఆవిడ మొహం వెలిగింది. ముందుకు వంగి మా అత్త చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. "మాదీ అటేనమ్మా. మా సెల్లి అక్కడే ఉన్నాది. సిన్నప్పుడు ఎలిపోనాది, మల్లీ నాను సూడనేదు. మొన్న వస్తానంది. కొత్త సీర కట్టుకుని విమానాల కాడ పొద్దల్లా కూకున్నాను. రానేదు."

మా ఆయన గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. మా అత్త వెనక్కి తిరిగి కొడుకు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"నువ్వు మల్లీ ఆ ఊరే ఎల్తావు కదా" అంది అప్ప. "అది కనపడితే సెప్పు. అప్పకి కోపం లేదని సెప్పు. ఒక్కపాలి రమ్మను. నాను పోల్సుకుంటాను దాన్ని, ఎంత ముసిల్దయిపోనా పోల్సుకుంటాను. సెప్తావా?"

మా అత్త ఆ చేతుల్ని కళ్లకద్దుకుంది.

"సెప్తానప్పా" అంది. "బేగి పంపిస్తాను."